లింఫోమా వంశంలో వస్తుందా? ఇమ్యూనిటీ జీన్ల గురించి చదివాక రాస్తున్నది

ఇంట్లో ఒకరికి లింఫోమా, అంటే ఇమ్యూనిటీకి పనిచేసే లింఫ్ కణాల్లో (ఒక రకం తెల్ల రక్తకణాలు) వచ్చే క్యాన్సర్, అని తేలాక అందరి నోట్లో నానే ప్రశ్నలు రెండే. తగ్గుతుందా, ఇది వంశపారంపర్యమా. మొదటిదానికి డాక్టర్లు కూర్చోబెట్టి స్టేజి ఏంటి, ఎన్ని సైకిల్స్ కీమో అని ఓపిగ్గానే చెప్తారు. రెండోది అడిగితే మాత్రం ఓపీలో "అలాంటిదేం లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట చాలావరకు నిజమే, కానీ ఒక్క ముక్క సరిపోదు, ఎందుకంటే బయట చుట్టాలు అడిగేది వేరేగా ఉంటుంది.

మా బాబాయికి వచ్చింది డీఎల్‌బీసీఎల్, అంటే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, మన దేశంలో ఎక్కువగా కనిపించే రకం అదే. ఆర్-చాప్ అనే మందుల కలయికతో కీమో అయ్యింది, ఇప్పుడు పొలానికి కూడా వెళ్తున్నాడు. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. చెల్లికి సంబంధాలు చూస్తుంటే ఒక చోట అన్నీ కుదిరాక అబ్బాయి తరఫువాళ్లు "తండ్రికి రక్తంలో క్యాన్సరట కదా, పిల్లకి కూడా ఉంటుందేమో జీన్ టెస్ట్ ఏదైనా చేయించండి" అని మధ్యవర్తితో కబురు పంపారు, పిన్ని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ మాటకి సరైన జవాబు ఏంటో తెలుసుకోవాలని నేను చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి మాట ఇంకే ఇంట్లోనైనా పడుంటే వాళ్లకి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక పెద్ద గందరగోళం తీర్చేయాలి. లింఫోమా బయాప్సీ రిపోర్ట్‌లో ఎంవైసీ, బీసీఎల్2, బీసీఎల్6 అని జీన్ల పేర్లు ఉంటాయి, పక్కన పాజిటివ్ అనో రీఅరేంజ్‌మెంట్ అనో రాస్తారు. అది చూసి చాలామంది "జీన్‌లో ఉందంట, పిల్లలకి వస్తుందంట" అనుకుంటారు. కాదండి. ఆ మార్పులు గడ్డలోని క్యాన్సర్ కణాల్లో మాత్రమే ఉంటాయి, మనిషి పుట్టిన ఎన్నో ఏళ్ల తర్వాత ఏదో ఒక్క కణంలో మొదలై దాని సంతానంలో పెరిగినవి. వీర్యకణంలోనో అండంలోనో అవి లేవు కాబట్టి పిల్లలకి వెళ్లే దారే లేదు. పుట్టుకతో అమ్మానాన్నల నుంచి వచ్చి ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే తేడాలు వేరే. ఈ పోస్ట్ అంతా ఆ రెండో రకం గురించే, మరీ ముఖ్యంగా ఇమ్యూనిటీకి సంబంధించిన జీన్లలో ఉండే తేడాల గురించి.

లింఫోమా విషయంలో ఇమ్యూనిటీ జీన్లే ఎందుకు అంటే, నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన భాగం అదే. మన ఒంట్లో మామూలు కణాలన్నీ డీఎన్‌ఏని ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటాయో, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు మాత్రం కావాలనే తమ డీఎన్‌ఏని తామే కోసుకుంటాయి. ఎముక మజ్జలో పుట్టేటప్పుడే ర్యాగ్1, ర్యాగ్2 అనే ప్రోటీన్లు యాంటీబాడీ జీన్‌ని ముక్కలు చేసి కొత్త వరసలో అతికిస్తాయి, అందుకే ప్రపంచంలో ఎప్పుడూ చూడని వైరస్ వచ్చినా దానికి సరిపోయే యాంటీబాడీ ఎక్కడో ఒక కణంలో దొరుకుతుంది. అక్కడితో అయిపోలేదు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు లింఫ్ గ్రంథుల్లో, అంటే మనం బిళ్లలు కట్టాయి అంటామే అక్కడే, జెర్మినల్ సెంటర్ అనే చోట ఈ కణాలు గంటల వ్యవధిలో రెట్టింపవుతూ ఏఐడీ అనే ఎంజైమ్‌తో యాంటీబాడీ జీన్‌లో మళ్లీ మార్పులు చేసుకుంటాయి, బాగా అతుక్కునే యాంటీబాడీ దొరికేదాకా. డీఎన్‌ఏ దెబ్బతింటే మామూలుగా కణం ఆగిపోవాలి లేదా చచ్చిపోవాలి, కానీ ఆ చోట పని జరగాలి కాబట్టి బీసీఎల్6 అనే ప్రోటీన్ ఆ ఆగే పద్ధతిని కాసేపు అణచి ఉంచుతుంది.

ఇంత కోత, ఇంత వేగం, పైగా ఆగే పద్ధతి తగ్గించి ఉంచడం, ఇవన్నీ ఒకే చోట జరుగుతుంటే ఎప్పుడో ఒకసారి తప్పు జరగకుండా ఉండదు. 14వ క్రోమోజోమ్ మీద ఉన్న యాంటీబాడీ జీన్ కోసినప్పుడు అది పొరపాటున 18వ క్రోమోజోమ్ మీది బీసీఎల్2 తో అతుక్కుంటే ఆ కణం చావాల్సిన టైమ్‌కి చావదు, ఫాలిక్యులర్ లింఫోమాలో ఎక్కువగా కనిపించేది ఇదే. 8వ క్రోమోజోమ్ మీది ఎంవైసీతో అతుక్కుంటే కణం విపరీతంగా పెరుగుతుంది, అది బర్కిట్ లింఫోమాలో. ఇంకో సంగతి ఏంటంటే ఈ 14, 18 అతుకు చాలామంది ఆరోగ్యవంతుల రక్తంలో కూడా కొద్ది కణాల్లో కనిపిస్తుంది, వాళ్లలో అత్యధికులకి ఎప్పటికీ లింఫోమా రాదు. అంటే ఒక్క తప్పు చాలదు, ఆ కణాన్ని బతికించే వాతావరణం, దాన్ని పట్టుకోలేకపోయిన టి కణాలు (తేడా కణాల్ని గుర్తించి చంపే ఇమ్యూనిటీ కణాలు), ఏళ్ల తరబడి ఆగని ఇన్ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట), ఇవన్నీ కలవాలి. ఆ వాతావరణాన్ని నడిపేవి ఇమ్యూనిటీ జీన్లు. అందుకే వాటిలో పుట్టుకతో ఉండే చిన్న తేడాలు కూడా లింఫోమా రిస్క్‌ని అటో ఇటో కొంచెం జరుపుతాయి.

ఎంత జరుపుతాయి అన్నదే అసలు విషయం. ఇంటర్‌లింఫ్ అని లింఫోమా మీద పనిచేసే పరిశోధకుల అంతర్జాతీయ బృందం ఒకటి ఉంది, వాళ్లు 2006లో లాన్సెట్ ఆంకాలజీలో ఒక పెద్ద పేపర్ వేశారు. లింఫోమాల్లో రెండు పెద్ద గుంపులు, హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్, డీఎల్‌బీసీఎల్, ఫాలిక్యులర్ రెండో గుంపులోవి. ఎనిమిది స్టడీల నుంచి నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్న 3,586 మందిని, లేని 4,018 మందిని తీసుకుని తొమ్మిది జీన్లలో 12 తేడాలు పోల్చారు. అందులో గట్టిగా నిలబడింది టీఎన్‌ఎఫ్ జీన్ ముందు భాగంలో 308వ చోట జి అనే డీఎన్‌ఏ అక్షరం ఉండాల్సిన దగ్గర ఏ అనే అక్షరం ఉండటం. టీఎన్‌ఎఫ్ అంటే ఇన్ఫ్లమేషన్‌ని రగిలించే ముఖ్యమైన ప్రోటీన్, బి కణాలు బతికుండటానికి కూడా సిగ్నల్ ఇస్తుంది. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్క ఏ కాపీ వచ్చినవాళ్లలో డీఎల్‌బీసీఎల్ రిస్క్ 1.29 రెట్లు, రెండూ ఏ అయితే 1.65 రెట్లు. ఫాలిక్యులర్ లింఫోమాకి ఆ సంబంధం కనిపించలేదు. ఇన్ఫ్లమేషన్‌ని తగ్గించే ఐఎల్10 జీన్‌లో ఇంకో తేడాకి కూడా డీఎల్‌బీసీఎల్‌తో కొంత లింక్ కనిపించింది.

ఇప్పుడు 1.65 రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది, పేపర్లో హెడ్డింగ్ పెట్టేవాళ్లు "65 శాతం ఎక్కువ ముప్పు" అని పెడతారు. కానీ లెక్క వేసి చూడండి. మన దేశంలో నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా అన్ని రకాలూ కలిపి మగవాళ్లలో ఏడాదికి లక్షకి సుమారు 2.9 మందికి వస్తుంది, ఆడవాళ్లలో 1.5 మందికి. లక్షకి ముగ్గురు అనుకుని 1.65తో గుణిస్తే ఐదుగురు. మిగతా 99,995 మందికి ఆ ఏడాది రాదు, అదే జీన్ ఉన్నా రాదు. రెండు కాపీలూ ఉన్నవాళ్లలో కూడా దాదాపు అందరూ లింఫోమా లేకుండానే వెళ్లిపోతారు, లింఫోమా వచ్చినవాళ్లలో చాలామందికి ఒక్క కాపీ కూడా ఉండదు. ఇలాంటి తేడా చూసి ఒక అమ్మాయి పెళ్లి ఆపడం ఎంత అన్యాయమో ఈ ఒక్క గుణకారమే చెప్తుంది.

పైగా ఆ టీఎన్‌ఎఫ్ తేడాయే నిజంగా కారణమా అనేది కూడా పూర్తిగా తేలలేదు. 6వ క్రోమోజోమ్ మీద టీఎన్‌ఎఫ్ ఉన్న చోట పక్కనే హెచ్‌ఎల్‌ఏ జీన్లు ఉంటాయి, ఎముక మజ్జ మార్పిడికి మ్యాచ్ అయ్యిందా అని చూస్తారే అవే. ఈ ప్రాంతంలోని జీన్లు తరతరాలుగా గుంపుగా కలిసే వస్తాయి, ఒకే గోడ పంచుకున్న వరస ఇళ్లలో ఎక్కడి నుంచి పొగ వస్తోందో రోడ్డు మీద నిలబడి చెప్పడం కష్టమైనట్టు, సిగ్నల్ కనబడినా దోషి ఎవరో విడదీయడం కష్టం. 2014లో 3,857 మంది డీఎల్‌బీసీఎల్ పేషెంట్లనీ 7,666 మంది లేనివాళ్లనీ తీసుకుని జీనోమ్ మొత్తం వెతికిన స్టడీ నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది, అందులో 6వ క్రోమోజోమ్ మీద అదే ప్రాంతంలో బయటపడింది హెచ్‌ఎల్‌ఏ-బి. దాంతో పాటు ఎంవైసీకి దగ్గర్లో 8వ క్రోమోజోమ్ మీద, ఇంకా ఒకటి రెండు చోట్ల. అన్నీ రిస్క్‌ని కొంచెం కొంచెం జరిపేవే.

హెచ్‌ఎల్‌ఏ కథ ఇంకా పాతది. 1967లో ఫ్రాన్స్‌లో అమియెల్ అనే ఆయన హాడ్జ్‌కిన్ లింఫోమా పేషెంట్లలో ఒక హెచ్‌ఎల్‌ఏ రకం ఎక్కువగా ఉందని రాశాడు, హెచ్‌ఎల్‌ఏకి ఒక జబ్బుతో సంబంధం ఉందని చూపించిన మొట్టమొదటి రిపోర్ట్ అదే. తర్వాత నలభై ఏళ్లకి అది ఎలా పనిచేస్తుందో కొంత అర్థమైంది. హాడ్జ్‌కిన్‌లో కొన్ని కేసుల్లో గడ్డ కణాల లోపల ఎప్‌స్టీన్ బార్ వైరస్, ఈబీవీ అంటారు, ఉంటుంది. ఈ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతం పైగా మందికి ఒంట్లో ఉన్నదే, టి కణాలు దాన్ని జీవితాంతం అదుపులో పెడతాయి. టి కణానికి వైరస్ ముక్కని ఎత్తి చూపించేది హెచ్‌ఎల్‌ఏ. హెచ్‌ఎల్‌ఏ-ఏ02 రకం ఆ ముక్కల్ని బాగా చూపిస్తుంది, ఆ రకం ఉన్నవాళ్లలో ఈబీవీ ఉన్న హాడ్జ్‌కిన్ తక్కువ, ఏ01 ఉన్నవాళ్లలో ఎక్కువ అని 2010లో యూరప్ పేషెంట్ల మీద చేసిన పనిలో తేలింది. ఈబీవీ లేని హాడ్జ్‌కిన్‌కి ఈ లెక్క వర్తించలేదు. జీన్ ఒక్కటే కాదు, జీన్, వైరస్ కలిసి చేసే పని అని ఇంత శుభ్రంగా చూపించిన ఉదాహరణ లింఫోమాల్లో నాకు ఇంకోటి కనపడలేదు.

కవలల స్టడీ గురించి కూడా చెప్పాలి, దీన్ని ఎవరైనా భయపెట్టడానికీ వాడొచ్చు, ధైర్యానికీ వాడొచ్చు. 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఒకరికి హాడ్జ్‌కిన్ ఉన్న కవల జంటల్ని తీసుకుని రెండోవాళ్లని గమనించారు. ఒకేలా ఉండే కవలల్లో, అంటే జీన్లన్నీ ఒకటే అయినవాళ్లలో, 179 జంటల్లో 10 జంటల్లో ఇద్దరికీ వచ్చింది. వేర్వేరుగా ఉండే కవలలు 187 జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ రాలేదు. జీన్ల పాత్ర ఉందనడానికి ఇది గట్టి సాక్ష్యం, ఒప్పుకుని తీరాలి. కానీ అదే లెక్కలో 169 జంటల్లో ప్రతి జీన్ ఒకటే అయినా రెండోవాళ్లకి రాలేదు అనేది కూడా ఉంది. నాన్ హాడ్జ్‌కిన్‌లో అయితే తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే మిగతావాళ్ల రిస్క్ సుమారు రెండు రెట్ల లోపు. లక్షకి ముగ్గురు కాస్తా మహా అయితే లక్షకి ఆరుగురు అవుతారు, అంతే.

ఇంతవరకు చెప్పినవి మామూలుగా చాలామందిలో ఉండే చిన్న తేడాలు. దీనికి పూర్తి భిన్నంగా, ఒక్క జీన్ పాడైతేనే లింఫోమా ముప్పు చాలా పెరిగే అరుదైన జబ్బులు కొన్ని ఉన్నాయి, నా దృష్టిలో మన ఇళ్లలో నిజంగా తెలియాల్సినవి అవే, పిల్లల ప్రాణాలతో ముడిపడినవి కాబట్టి. 1975లో అమెరికాలో డేవిడ్ పర్టిలో అనే పాథాలజిస్ట్ డంకన్ అనే కుటుంబం గురించి లాన్సెట్‌లో రాశాడు. ఆ ఇంట్లో మగపిల్లలు ఒకరి తర్వాత ఒకరు, ఎక్కువమందికి మామూలు జ్వరంలా వచ్చి పోయే ఈబీవీ ఇన్ఫెక్షన్‌కే చనిపోయారు, కొందరికి లింఫోమా వచ్చింది. తర్వాత దానికి ఎక్స్‌ఎల్‌పీ అని పేరొచ్చింది, 1998లో ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎస్‌హెచ్2డీ1ఏ అనే జీన్ దొరికింది. ఈ జీన్ పాడైతే టి కణాలు, ఎన్‌కే కణాలు ఈబీవీ పట్టిన బి కణాల్ని చంపలేవు. ఎక్స్ మీద ఉంది కాబట్టి తల్లి దగ్గర లక్షణాలేమీ లేకుండా దాగి ఉండి కొడుకుల్లో బయటపడుతుంది, మేనమామలు చిన్నప్పుడే పోయారా అని డాక్టర్ అడిగితే అందుకే అడుగుతున్నాడని అర్థం.

ఇంకో రకం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ పాడైన కాపీ వస్తేనే బయటపడేది. 2009లో ఐటీకే అనే జీన్ లోపం మొదటిసారి బయటపడింది టర్కీ కుటుంబంలోని ఇద్దరు అక్కచెల్లెళ్లలో, వాళ్ల అమ్మానాన్నలు దగ్గరి బంధువులు. ఇద్దరూ ఈబీవీ వల్ల లింఫ్ కణాలు అదుపు తప్పి చనిపోయారు. ఇది చదివినప్పుడు మన మేనరికాలు గుర్తురాకుండా ఉండవు. మేనమామ కూతురినో అక్క కూతురినో చేసుకోవడం మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఉంది, దగ్గరి రక్తంలో ఒకే పాడైన కాపీ ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే జబ్బు కూడా ఇలాగే వస్తుంది, ఏటీఎమ్ జీన్ లోపం, పిల్లలు నడకలో తూలుతారు, కళ్లలో సన్నటి ఎర్ర నరాలు కనపడతాయి, ఇమ్యూనిటీ తగ్గుతుంది, లింఫోమా ముప్పు బాగా ఎక్కువ. అందుకని పిల్లవాడికి పదే పదే న్యుమోనియా, ఎన్ని యాంటీబయాటిక్స్ వాడినా తగ్గని ఇన్ఫెక్షన్లు, ఇంట్లో అంతకుముందు పిల్లలు కారణం తెలియకుండా పోయి ఉండటం, ఇలాంటివి ఉంటే పిల్లల ఇమ్యునాలజీ తెలిసిన డాక్టర్‌కి చూపించాలి. వీటిలో కొన్నింటికి ఎముక మజ్జ మార్పిడి ఉంది, జబ్బు ముదరకముందే చేస్తే పిల్లవాడు మామూలుగా పెరగొచ్చు. జీన్ టెస్ట్‌కి నిజమైన విలువ ఇక్కడ ఉంది.

బాధాకరమైన సంగతి ఇంకోటి ఉంది. పైన చెప్పిన పెద్ద స్టడీలు దాదాపు అన్నీ యూరప్ మూలాలున్నవాళ్ల మీద చేసినవే. హెచ్‌ఎల్‌ఏ రకాలు జనాన్ని బట్టి చాలా మారతాయి. 1999లో ఒక స్టడీలో సీసీఆర్5 జీన్‌లో డెల్టా 32 అనే లోపం ఒక కాపీ ఉన్న హెచ్‌ఐవీ పేషెంట్లలో లింఫోమా మూడో వంతుకి తగ్గిందని చూశారు, ఆ లోపం ఉత్తర యూరప్‌లో మామూలు, మన దగ్గర దాదాపు లేదు. సీఎల్‌ఎల్ అనే లింఫ్ కణాల క్యాన్సర్ అమెరికా తెల్లవాళ్లలో బాగా ఎక్కువ, ఆసియా వాళ్లలో తక్కువ, వలస వెళ్లిన ఆసియా కుటుంబాల్లో కూడా తక్కువగానే ఉంటుంది. అలాంటప్పుడు వాళ్ల లెక్కలు తెచ్చి మనకి పెట్టడం సరికాదు. 2017లో మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు కూడా ఉన్న బృందం దక్షిణాసియాలో 260కి పైగా సముదాయాల నుంచి 2,800 మందికి పైగా డీఎన్‌ఏ చూస్తే, 81 సముదాయాల్లో వందల ఏళ్లుగా లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన జనంగా పేరున్న ఫిన్లాండ్ వాళ్లకంటే కూడా గట్టిగా ఒకే పూర్వీకుల జీన్లు తిరుగుతున్నాయని తేలింది. మన అరుదైన జబ్బుల జీన్లు దొరకాల్సింది ఇక్కడే. జీనోమ్ ఇండియా ప్రాజెక్ట్ కింద దాదాపు పది వేల మంది జీనోమ్‌లు చదివి 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులో పెట్టారు. ఈ డేటాని మన లింఫోమా పేషెంట్ల మీద పెట్టి చూసే పని జరగాలని మనసారా కోరుకుంటున్నాను.

అప్పటిదాకా ఉమ్మి ట్యూబులో వేసి పంపితే క్యాన్సర్ రిస్క్ చెప్తాం అని అమ్మే ప్యాకేజీల్లో లింఫోమా గీత చూసి ఏ నిర్ణయం తీసుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ మామూలు తేడాలు చూసి డాక్టర్ చేసేది ఏమీ ఉండదు, ముందుగా పట్టుకునే స్క్రీనింగ్ కూడా లింఫోమాకి లేదు. జీన్ కంటే ఎక్కువగా రిస్క్ పెంచేవి వేరే ఉన్నాయి, హెచ్‌ఐవీకి మందులు వాడకపోవడం, అవయవ మార్పిడి తర్వాత ఇమ్యూనిటీ తగ్గించే మందులు, కళ్లు నోరు ఎండిపోయే షోగ్రెన్స్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, కడుపులో హెలికోబ్యాక్టర్ ఇన్ఫెక్షన్. ఆ చివరిదాని వల్ల కడుపు లోపలి పొరలో వచ్చే మాల్ట్ లింఫోమా తొలి దశలో చాలామందికి యాంటీబయాటిక్స్‌తోనే కరిగిపోతుంది, అది తెలిసి నాకు ఎంత సంతోషమేసిందో.

చివరగా ఒకటి, ఇది జీన్లకి సంబంధం లేనిదే అయినా చెప్పకుండా ఉండలేను. బాబాయికి మెడ దగ్గర బిళ్ల కట్టినప్పుడు ఒక చోట సూదితో తీసి చూసి టీబీ అయ్యుంటుందని మందులు మొదలుపెట్టారు, నెలలు పోయాయి, బిళ్ల పెరుగుతూనే ఉంది. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఇలా చాలామందికి జరుగుతోంది. మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పి లేని బిళ్ల మూడు నాలుగు వారాలకీ తగ్గకపోయినా, రాత్రుళ్లు పక్క తడిసేంత చెమట, కారణం లేని జ్వరం, బరువు తగ్గడం తోడైనా, సూది పరీక్షతో ఆగకుండా గ్రంథి మొత్తం తీసి చేసే బయాప్సీ చేయమని అడగండి. టీబీ అని రుజువు కాకుండా మందులు మొదలుపెడితే, ఎన్ని వారాలకి తగ్గకపోతే మళ్లీ బయాప్సీ చేస్తారో అప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి. బయాప్సీ అయ్యాక స్లైడ్లు, మైనం బ్లాకులు ల్యాబ్ నుంచి తీసుకుని ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి, కణాల మీది ప్రోటీన్లు చూసి లింఫోమా రకం తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే పరీక్ష ఇంకో చోట చేయించాల్సి వస్తే అవే కావాలి.